పదకొండు ఎడమ భుజాలు

"ఉత్తగ కూసునుడు గూడ పనేనాయె?" అని అడిగింది మా అత్తమ్మ, నేను కుర్చీని కిటికీ పక్కకు లాగుతుంటే.

ఎకసెక్కంగా అనలేదు. నిజంగానే అర్థంకాక అడిగింది. మా అత్తమ్మ భాగీరథి సాంచాల కార్ఖానాలో మరమగ్గాలకు నూలు కండెలు చుట్టీ చుట్టీ మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. ఆమె లెక్కలో పని అంటే నిలబడి చేసేది. నేను పొద్దున్నే లేచి, పాల ప్యాకెట్లు సబ్బు నీళ్ళతో కడిగి, కూరగాయలు ఉప్పు నీళ్ళలో వేసి, రొట్టెలు చేసి, గిన్నెలు తోమి, అప్పుడు లాప్‌టాప్ ముందు కూర్చుని క్లాసు చెప్తే, అది మాట్లాడే పని అని ఎలాగో ఒప్పుకుంది. ఇవాళ మాట్లాడటం కూడా లేదు. మెడ తిప్పకుండా కుర్చీలో కూర్చోవాలి, ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని పిల్లలు నన్ను గీయాలి.

నేను సూరత్‌లో ఒక యూనివర్సిటీ చిత్రకళ విభాగంలో డ్రాయింగ్ చెప్తాను. విజిటింగ్ లెక్చరర్‌ని. విజిటింగ్ అంటే చుట్టపుచూపుగా వచ్చేదాన్నని మా ఇంట్లో అనుకుంటారు. ఆరేళ్ళుగా రోజూ వెళ్తున్న చుట్టాన్ని నేను. లాక్‌డౌన్‌తో క్లాసులన్నీ తెర మీదకు వచ్చేశాయి. మాకు మోడల్‌గా కూర్చునే పెద్దాయన ఒడిశాలో తన ఊరికి వెళ్ళిపోయాడు. మనిషి ముఖం చూసి గీయడం నేర్పకుండా పిల్లల్ని పై సంవత్సరానికి ఎలా పంపడం? మా హెడ్ దక్షాబెన్‌కి ఇంకో దిగులు కూడా ఉండేది. ఏటా విభాగం వెబ్‌సైటులో మా కార్యకలాపాలు, విజయాలు అని ఒక పేజీ పెడతారు. రైల్వే స్టేషన్ గోడ మీద పిల్లలు వేసిన బొమ్మలు, ఫలానా పోటీలో ఫలానా బహుమతి, ఫలానా ప్రొఫెసర్‌గారి సోలో ప్రదర్శన. ఆ ఏడాది పేజీ ఖాళీగా ఉంది. నేను మోడల్‌గా కూర్చుంటాను, ఇంటి నుంచే గీయిద్దాం అంటే ఆమె ఎగిరి గంతేసినంత పని చేసింది. నా పేరు ఈసారి పేజీలో వేస్తానంది. ఆరేళ్ళ పాఠాలకు ఎక్కని పేరు కదలకుండా కూర్చున్నందుకు ఎక్కుతుందన్నమాట. నవ్వొచ్చింది గానీ సంతోషం కూడా వేసింది, దాచడమెందుకు.

ఆ రోజుల్లో భయం అందరిదీ. సూరత్‌లో మేముండే పర్వత్ పాటియాలో, మా గల్లీ మొదట్లో వెదురు బొంగులు అడ్డం కట్టారు. కింది అంతస్తు ఆయన్ని తీసుకెళ్ళిన అంబులెన్సు మళ్ళీ ఆయన్ని తీసుకురాలేదు. అందువల్ల నా భయం నాకు విడిగా కనబడలేదు. గుండె దడగా ఉంటే కరోనా అనుకునేదాన్ని. ముద్ద దిగకపోతే కరోనా అనుకునేదాన్ని. ఆక్సీమీటర్‌లో వేలు పెట్టి చూసుకుంటే అంతా బాగానే ఉందని చూపించేది. అయినా దడ తగ్గేది కాదు, రుచి తెలుస్తోందా లేదా అని ఉప్పు నాలుక మీద వేసుకుని చూసుకునేదాన్ని.

సుమన్, మా ఆయన, ఊరి శివార్లలోని సచిన్‌లో బట్టలకు రంగులేసే డైయింగ్ మిల్లులో సూపర్‌వైజర్. మిల్లు సగమే నడుస్తుండటంతో ఒక వారం డ్యూటీ, ఒక వారం ఇల్లు. ఇంట్లో ఉన్న వారం అతను వంటింటి గుమ్మంలో నిలబడతాడు. అక్కడినుంచి హాలు మొత్తం కనిపిస్తుంది. నేను క్లాసు చెప్తుంటే వింటాడు. ఏ కుర్రాడైనా ప్రశ్న అడిగి నేను నవ్వితే, ఆ నవ్వు ఎందుకొచ్చిందో తర్వాత చెప్పాలి. ఊరికే నవ్వానంటే ఒప్పుకోడు. ఊరికే ఎవరు నవ్వుతరు, పాగల్‌వా అంటాడు.

సుమన్ నన్ను ఎప్పుడూ కొట్టలేదు. ఈ మాట నేను చెప్పడం కాదు, అతనే చెప్తాడు. మా అమ్మ ముందు చెప్తాడు, చుట్టాల ముందు చెప్తాడు, నేను కళ్ళు తుడుచుకున్నప్పుడల్లా చెప్తాడు. "నేనెప్పుడన్న నీ మీద చెయ్యెత్తిన్నా? చెప్పు." ఎత్తలేదు. ఎత్తలేదని నేను ఒప్పుకోవాలి. ఎత్తలేదు అని పైకి అనేదాకా వదలడు.

ఒకసారి దక్షాబెన్‌తో మీటింగు పొడుగై అతని చాయ్ ఆలస్యమైంది. నవ్వుతూ వచ్చి నా కుర్చీ వెనక నిలబడి, కెమెరాకి చెయ్యి ఊపి ఆమెకు నమస్తే చెప్పాడు. రెండో చెయ్యి నా ఎడమ భుజం మీద వేశాడు. బొటనవేలు మెడ ఎముక కింద గుంటలోకి దించి నొక్కాడు. దక్షాబెన్‌తో కరెంటు కోతల గురించి మాట్లాడుతూ, మర్యాదగా నవ్వుతూ, మెల్లమెల్లగా నొక్కుతూనే ఉన్నాడు. నేను కూడా నవ్వుతూనే ఉన్నాను. నీ అదృష్టం నవతా, ఇంత కనిపెట్టుకుని ఉండే మనిషి దొరికాడు అంది ఆమె. అతను వెళ్ళాక వంటింట్లోకి పోయి చాయ్ పెట్టాను. చెయ్యి లేవక గిన్నెను కుడిచేత్తోనే దించాను. అది మొదటిసారీ కాదు, చివరిసారీ కాదు. గుర్తు ఎప్పుడూ జాకెట్టు కిందే ఉంటుంది. అత్తమ్మకు తెలుసు. "మొగోళ్ళకు పని లేకుంటె గట్లనే ఉంటరు. జర సర్దుకో బిడ్డా" అంది ఒకసారి, నేను అడగకుండానే.

సరే, కూర్చున్నాను. అది అతను ఇంట్లో ఉన్న వారమే. పదకొండు మంది పిల్లలు తమ కెమెరాలు కాగితాల మీదికి వంచి పెట్టుకున్నారు. నాకు చేతులు, పెన్సిళ్ళు కనిపిస్తున్నాయి. ఎవరి వెనకో కుక్కర్ కూతలు, ఎవరి ఇంట్లోనో టీవీ. మొదట్లో నాకు భలే హాయిగా అనిపించింది. ఏ పనీ చెయ్యకుండా కూర్చుంటే ఎవరూ ఏమీ అనని సమయం, పెళ్ళయ్యాక అదే మొదటిసారేమో. చేతులు ఒళ్ళో పెట్టుకుని అలా ఉండిపోయాను. మధ్యలో అతను గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడని తెలిసింది. చూడలేదు. చూడలేదనే అనుకున్నాను.

సాయంత్రానికి బొమ్మలు వచ్చాయి. అందరూ బాగానే గీశారు గానీ అందరూ ఒకచోట పొరపాటు చేశారు. ఎడమ భుజం పైకి లేచిపోయింది. మెడ ఆ పక్కన కుంచించుకుపోయింది. కళ్ళు కూడా నేరుగా లేవు, ఎడమ మూలకి, కాస్త పైకి పోయాయి. రెండు భుజాలు ఒక వరసలో ఉన్నాయో లేదో చూసుకోవడం నేను మొదటి నెలలోనే నేర్పుతాను. పెన్సిల్‌ని కంటికి ఎదురుగా అడ్డంగా పట్టుకుని కొలవాలి. వీళ్ళకు ఇంకా ఇది కూడా రాలేదా అని చిరాకేసింది. ఎర్ర రంగుతో ఒక్కొక్క బొమ్మ మీదా గీత కొట్టి, భుజం దించండి, చూపు సరిచెయ్యండి అని రాసి పంపాను. పది మంది దించి పంపారు.

కోమలి దించలేదు. కోమలిది సూరత్‌లోనే భేస్తాన్. మా క్లాసులో తెలుగు పిల్ల ఆమె ఒక్కతే. ఇంట్లో తల్లితో కలిసి చీరలకు రాళ్ళు అంటిస్తూ, తమ్ముడి ఆన్‌లైన్ బడి అయ్యాక వాడి ఫోన్ తీసుకుని క్లాసు వింటుంది. రికార్డింగు ఆపి ఆపి చూసుకుంటుంది. అదే బొమ్మ మళ్ళీ పంపితే, సరిగ్గా చూడకుండా గీశావని ఫోన్ చేసి కోప్పడ్డాను.

ఆ పిల్ల మెల్లగా, "మేడం, నేను మల్ల మల్ల కొలిచిన. ఫోన్ మీద స్కేల్ పెట్టి గూడ చూసిన. మీ భుజం గట్లనే ఉంది" అంది.

ఫోన్ సరిగ్గా పెట్టుకోలేదేమో అన్నాను. పెట్టుకున్నానంది. కుర్చీ వంకరగా ఉందేమో అన్నాను. అప్పుడు ఆ పిల్ల అన్న మాట నేను నేర్పిన పాఠమే. "ఒక్కలు తప్పు గీస్తె గీసినోళ్ళ తప్పు, అందరు అదే గీస్తె మోడల్ను చూడుమని మీరే చెప్పిండ్రు గద మేడం."

ఫోన్ పెట్టేసి కుర్చీ కాళ్ళు చూశాను. సరిగ్గానే ఉన్నాయి. లాప్‌టాప్ కింద పెట్టిన పిండి డబ్బా చూశాను. నెట్ అందని పిల్లల కోసం క్లాసులన్నీ దాచిపెట్టమని డిపార్ట్‌మెంట్ చెప్పింది కాబట్టి పాత రికార్డింగులు నా దగ్గరే ఉన్నాయి. అత్తమ్మ పడుకున్నాక, సుమన్ కూరగాయలకు కిందికి దిగాక, స్కేల్ తీసుకుని తెర మీద పెట్టాను. మోడల్‌గా కూర్చున్న రోజు ఎడమ భుజం స్కేల్ పైకి వచ్చేసింది. దానికి ముందు వారం క్లాసు తెరిచాను. సుమన్ సచిన్ వెళ్ళిన వారం అది. రెండు భుజాలూ ఒక వరసలో ఉన్నాయి. అంతకు ముందు వారం తెరిచాను. అతను ఇంట్లో ఉన్నాడు. భుజం లేచింది. ఒక క్లాసులో నేను నీడల గురించి ఉత్సాహంగా చెప్తూ చెప్తూ, వాక్యం మధ్యలో, ఎవరూ తాకకుండానే, భుజం అలా చెవి వైపుకి లేవడం కనిపించింది. ఆ క్షణంలోనే అతను నాకు ఎడమ పక్కనున్న వంటింటి గుమ్మంలోకి వచ్చి ఉంటాడు. వచ్చినట్టు నాకే తెలియదు, నా భుజానికి తెలిసింది.

నాకు చాలా భయమేసింది. అతనంటే భయం నాకు కొత్త కాదు. ఇది కనబడుతోందన్న భయం కొత్తది. జాకెట్టు కింద దాచుకున్నానని నేననుకున్నది పదకొండు మంది పిల్లలు చూసి, కొలిచి, కాగితం మీద పెట్టేశారు. కరోనా అనుకుని ఉప్పు నాకుతూ కూర్చున్నాను ఇన్నాళ్ళూ. పైగా సరిగ్గా చూసిన పిల్లల్ని తప్పన్నాను. పది మంది నా మాట నమ్మి, కళ్ళారా చూసినదాన్ని చెరిపేశారు. మెట్ల మీద అతని చెప్పుల చప్పుడు వినబడగానే లాప్‌టాప్ మూసేశాను.

దక్షాబెన్ మొదట పంపిన బొమ్మలు, దించినవి, అన్నీ చూసింది. దించిన వాటిలో ప్రాణం లేదు, మొదటివే పెడదాం అంది. చలికాలంలో ఆన్‌లైన్ ప్రదర్శన. ఒకే మనిషి ముఖం పదకొండు చేతుల్లో. కోమలి బొమ్మ రాష్ట్రస్థాయి విద్యార్థుల పోటీకి కూడా వెళ్తుంది, ఈ ఏడాది మనం చెప్పుకోదగ్గది ఇదొక్కటే అంది. మోడల్‌గా నా అనుమతి కావాలంది. దించినవే పెడితే బాగుంటుందేమో అని నసిగాను. ఎందుకు అని అడిగింది. మీ ఇష్టం అన్నాను. దాన్నే ఆమె అనుమతి అనుకుంది.

ఆ బొమ్మల్ని సుమన్ ప్రదర్శనకు ముందు రోజు చూశాడు. విభాగం వాళ్ళు పంపిన ఆహ్వానం మీద కోమలి గీసిన నా ముఖం ఉంది. భేస్తాన్‌లో ఉన్న వాళ్ళ అన్నకు పంపుదామని సరదాపడి ఫోన్ చేతిలోకి తీసుకున్నవాడు, ఆగి, వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. అన్నం వడ్డిస్తూ నేను అతని ముఖమే చూస్తున్నాను. గరిటె చేతిలో ఆగిపోయింది.

"మొఖం గిట్ల పెట్టినవేంది? ఇంట్ల నిన్ను ఎవలో సతాయిస్తున్నరనుకోరా చూసినోళ్ళు?"

పిల్లలు గీసినది, వాళ్ళకు ఇంకా చెయ్యి తిరగలేదు అన్నాను. పిల్లల మీదికి నెట్టేశాను మళ్ళీ. అతను ఫోన్ వాళ్ళమ్మకు చూపించాడు. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. "మంచిగనే గీసిండ్రు" అని మాత్రం అని, ఫోన్ వెనక్కి ఇచ్చి, పళ్ళెంలోకి చూస్తూ తినసాగింది.

సుమన్ గొంతు పెంచలేదు. ఎప్పుడూ పెంచడు. రేపు అందరి ముందు నేనే చెప్పాలన్నాడు. ఈ బొమ్మలు నాకు నచ్చలేదు, తీసెయ్యండి అని. మెసేజ్ పెడితే కుదరదు, తను వినాలి. ఆ తర్వాత, జూన్‌లో కొత్త కాంట్రాక్టు వస్తే సంతకం పెట్టాలా వద్దా అన్నది నిదానంగా ఆలోచిద్దామన్నాడు. మాట్లాడుతూనే నా వెనక్కి వచ్చాడు. చెయ్యి భుజం మీద పడకముందే నా మెడ వంగింది. అతను చెయ్యి వెయ్యనేలేదు. వెయ్యకుండానే పని జరిగిందని అతనికీ తెలిసి, చిన్నగా నవ్వి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

మర్నాడు గిన్నెలు తోముతూ ఆ వాక్యం వల్లించుకున్నాను. ఈ బొమ్మలు నాకు నచ్చలేదు, తీసెయ్యండి. హిందీలో అనుకున్నాను, గుజరాతీలో అనుకున్నాను. ఎలా చెప్పినా చిన్న వాక్యమే, కష్టమేమీ లేదు. కోమలి ముఖం గుర్తొచ్చినప్పుడల్లా కుళాయి ఇంకాస్త తిప్పాను. ఆ పిల్లకు ఇంకో పోటీ వస్తుంది, వయసుంది, అనుకున్నాను. నాకేమవుతుంది అనేది మాత్రం అనుకోలేకపోయాను. ఆ వాక్యం చెప్పేస్తే ఇక నా భుజాన్ని చూసినవాళ్ళు ఎవరూ మిగలరు. ఉన్నది లేదని నేనే అందరి ముందు చెప్పాక, రేపు ఏం జరిగినా ఎవరికి చెప్పుకోను? చెప్తే నమ్మడానికి ఎవరుంటారు?

పదకొండింటికి ప్రదర్శన మొదలైంది. తెర నిండా ముఖాలు. పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు, వేరే విభాగాల అధ్యాపకులు. కోమలి వాళ్ళ నాన్న కూడా వచ్చాడు, సాంచాల కార్ఖానా చొక్కాతోనే, కూతురి వెనక నిలబడి తొంగి చూస్తున్నాడు. సుమన్ చాయ్ గ్లాసుతో వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. కెమెరాకి అందడు. కానీయ్ అన్నట్టు నాకేసి గడ్డం ఎత్తాడు.

దక్షాబెన్ దగ్గర ఒక పద్ధతి ఉంది. బొమ్మ చూడగానే బాగుందని ఎవరూ అనకూడదు. కాగితం మీద లేనిది, అంచుకి బయట ఉన్నది ఏమిటో గీతల్లోంచి పట్టుకుని చెప్పాలి. వెలుతురు ఎటునుంచి వస్తోంది, మనిషి ఏం వింటున్నాడు, ఏం చూస్తున్నాడు. పదకొండు బొమ్మలూ వరసగా పరిచి, చెప్పండి, ఈమెకు ఎడమ పక్కన ఏముంది అని అడిగింది.

నేను చెప్పాల్సిన వాక్యానికి అదే సమయం. నోరు తెరిచాను. మైక్ ఆపి ఉంది. దాన్ని వెతుక్కునే లోపల ఒక అబ్బాయి, ఏదో చప్పుడైందేమో అన్నాడు. ఒక్కసారి అయిన చప్పుడైతే అందరి బొమ్మల్లోనూ ఉండదు, అక్కడే ఉన్నదేదో కావాలి అంది ఇంకో అమ్మాయి. మనిషే అన్నారు ఎవరో. చూపు పైకి పోయింది కాబట్టి నిలబడి ఉన్నాడన్నారు. దగ్గరగానే అన్నారు. పాపం, తెలిసిన లెక్కేదో చేస్తున్నట్టు, ఉత్సాహంగా, ఒక్కొక్కరు ఒక్కో గీత చూపించి చెప్తున్నారు. తల్లిదండ్రుల ముఖాల్లో మాత్రం నవ్వులు ఆగిపోయాయి. కోమలి బొమ్మను చూడటం లేదు, నన్నే చూస్తోంది.

గుమ్మం దగ్గర గ్లాసు గట్టు మీద పెట్టిన చప్పుడైంది. నా భుజం లేవడం నాకు తెలిసింది. తెర మీద, నా చిన్న గడిలో, అది లేవడం కనిపించింది కూడా. దించుదామని చూశాను. దిగలేదు. దక్షాబెన్ తన కళ్ళద్దాలు తీసి, తెరకి దగ్గరగా వంగి, బొమ్మల్ని కాక నన్ను చూసింది. ఆమె గొంతు మారింది.

"నవతా, కూర్చున్నది నువ్వు. నువ్వే చెప్పాలి. వీళ్ళు సరిగ్గా చూశారా?"

వల్లించుకున్న వాక్యం నాలుక మీదే ఉంది. అది చెప్పేస్తే లాప్‌టాప్ మూసేయవచ్చు. మూసేశాక ఈ గదిలో నేను, అతను, వంటింట్లో ఏమీ విననట్టు గిన్నెలు సర్దే అత్తమ్మ. మూయకపోతే ఇంతమంది ఉన్నారు. మైక్ గుర్తు మీద నొక్కాను. అందరికీ అర్థం కావాలని హిందీలో చెప్పాను.

"సరిగ్గానే చూశారు. నా ఎడమ పక్కన మా ఆయన నిలబడి ఉన్నారు. ఇప్పుడు కూడా అక్కడే ఉన్నారు."